రేగుపొద కింద పసుపు

జూన్ ఆఖర్లో ట్యూషన్ సెంటర్‌కి తాళం వేస్తూ, దాన్ని నడిపే మేడమ్ "సెప్టెంబర్లో చూద్దాం" అన్నారు. అంతకుముందు ఏ వేసవిలోనూ ఆవిడ ఆ మాట అనలేదు. ఫలానా రోజున వచ్చెయ్యమని చెప్పేవారు. బహ్రెయిన్‌లో, ఈసా టౌన్ బస్‌స్టాప్‌లో నిలబడి ఆ మాటనే తిప్పి తిప్పి చూసుకున్నాను. ఎటు తిప్పినా అందులో నేను కనబడలేదు.

ఆ సెంటర్లో చిన్న తరగతుల పిల్లలకు సైన్సు చెప్పేవాణ్ణి. నాకు డిగ్రీ లేదు. పదో తరగతి తర్వాత గోదావరి లంకల్లో రొయ్యల చెరువుకి కాపలా ఉన్నాను. రాత్రి డ్యూటీ, పగలు ఖాళీ. ఆ ఖాళీలో మా ఊరి శాఖా గ్రంథాలయం తలుపు తీసేసరికి మెట్ల మీద నేనే ఉండేవాణ్ణి. అక్కడి విజ్ఞాన సర్వస్వాన్ని మొదటి సంపుటం నుంచి చివరిదాకా వరసగా చదివాను. మధ్యలో ఒక సంపుటాన్ని ఎవరో పట్టుకెళ్లి తిరిగి ఇవ్వలేదు. 'జ' అక్షరం మొత్తం అందులోనే ఉండేది. జంతువులు, జలపాతాలు, జీర్ణవ్యవస్థ చాలా ఏళ్ల దాకా నాకు అంతంతమాత్రంగానే తెలుసు. మిగతా ప్రపంచం గురించి మాత్రం ఎవరడిగినా చెప్పగలిగేవాణ్ణి. ఇప్పటికీ ఆ చదువంటే నాకు గర్వమే.

బహ్రెయిన్‌కి వచ్చింది జనరల్ లేబర్ వీసా మీద. సెంటర్ యజమాని మా కఫీల్‌కి, అంటే నాకు వీసా ఇచ్చిన కంపెనీ ఆసామికి, స్నేహితుడు. మొదట అక్కడ బల్లలు తుడవడానికి వెళ్లాను. ఒక రోజు సైన్సు టీచరు రాలేదు. పిల్లలు అల్లరి చేస్తుంటే, గ్రహణం ఎలా పడుతుందో నారింజకాయ, నిమ్మకాయ పట్టుకుని చూపించాను. మర్నాటి నుంచి బల్లలు వేరేవాళ్లు తుడిచారు. పిల్లలు నన్ను 'సార్' అనేవారు. ఆ పిలుపు వినడానికి నేను ఎడారిలో ఎంత దూరమైనా నడిచేవాణ్ణి.

ఇప్పుడు సెంటర్లో అందరికీ డిగ్రీ ఉండాలంటున్నారు. వేసవి గడిచేదాకా తేలదు. ఈలోగా కఫీల్ కంపెనీ నన్ను పార్కు డ్యూటీకి వేసింది. దక్షిణాన, ఎడారిలో కంచె వేసి జింకల్నీ, పొడవు కొమ్ముల ఓరిక్స్‌లనీ వదిలిన పెద్ద పార్కు అది. అక్కడి మనుషులు సెలవుల్లో ఊళ్లకు పోతారు కాబట్టి వేసవిలో కంపెనీ వాళ్లను పెడతారు. ఖాకీ చొక్కా, టోపీ, వాకీటాకీ ఇచ్చారు. చొక్కా జేబు మీద ఇంగ్లీషులో 'రేంజర్' అని కుట్టి ఉంది. జిదాఫ్స్‌లో మా గదిలో అద్దం ముందు దాన్ని తొడుక్కుని, ఎంత దిగులుగా ఉన్నా, కాసేపు అలాగే నిలబడ్డాను. ఆ వారమే ఇక్కడి గ్రంథాలయానికి వెళ్లి ఎడారి జింకల మీద ఒక ఇంగ్లీషు పుస్తకం తెచ్చుకున్నాను. పోయిన సంపుటం ఇన్నాళ్లకు దొరికినట్టు అనిపించింది.

పార్కులో నాకు జోడీ జగిత్యాల దగ్గర్నుంచి వచ్చిన ఒక పెద్దాయన. చాలా ఏళ్లుగా అక్కడ మేత వేసే పని. ఊళ్లో గొర్రెలు కాసిన ఇంటివాడు. నేను ఆయన్ని అన్నా అనేవాణ్ణి. సెంటర్ సంగతి తెలిసిన రోజు నుంచి ఆయన నన్ను సారూ అనేవాడు.

"ఊర్ల గొర్లు గాసిన సారూ. దుబాయికచ్చి జింకలు గాత్తున్న. నాకు ప్రమోషనే."

ఇది దుబాయి కాదనీ, బహ్రెయిన్ అనీ, వేరే దేశమనీ, నడుమ సముద్రం ఉందనీ పటం గీసి చెప్పాను. ఆయన ఓపిగ్గా విన్నాడు. ఎండ మాత్రం ఒకటే కంపెనీదన్నాడు.

పొద్దున్నే పికప్‌లో జత్ అనే పచ్చగడ్డి కట్టలు వేసుకుని తొట్లు నింపుతూ తిరిగేవాళ్లం. నేను కంచె చూడాలి, నీళ్ల తొట్లు చూడాలి, జంతువుల్ని లెక్కపెట్టాలి, ఎండలో కూలబడ్డవి ఉంటే వాకీటాకీలో చెప్పాలి. జులై నుంచి మధ్యాహ్నాలు ఎండ వల్ల బయట పని నిషేధం, ఇక్కడి చట్టం. ఆ వేళ మేమిద్దరం ఏసీ పెట్టిన పోర్టకాబిన్‌లో కూర్చునేవాళ్లం. ఆయన టిఫిన్ డబ్బా విప్పేవాడు, నేను పుస్తకం విప్పేవాణ్ణి. ఏం రాసిందో చెప్పమనేవాడు. ఇసుక జింకని ఇక్కడ రీమ్ అంటారని చెప్తే, అది తనకు మొదటిరోజే తెలుసని నవ్వేవాడు.

పార్కు జంతువుల డాక్టరు ఒక బహ్రెయినీ ఆవిడ. తక్కువ మాట్లాడేది. ఒకసారి నేను నీళ్ల తొట్టి దగ్గర పుస్తకంతో కనబడితే ఆగి, ఏం చదువుతున్నావని అడిగింది. అప్పుడు సెంటర్లో పాఠాలు చెప్పిన సంగతి చెప్పాను. డిగ్రీ గొడవ కూడా చెప్పేశాను, ఎందుకో. చలికాలం రాగానే స్కూలు బస్సులు వస్తాయనీ, ఇండియన్ స్కూళ్ల పిల్లలే ఎక్కువనీ, వాళ్లకు జంతువుల గురించి చెప్పే మనిషి లేడనీ ఆవిడ అంది. ఆ మాట అని వెళ్లిపోయింది. నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు. గోడలు లేని తరగతి గది, పాఠంలో ఉన్న జంతువు కళ్లెదురుగా, డిగ్రీ అడగని ఎడారి.

జులై నడుమ, అసలు పిల్లలు పుట్టే కాలం కాని కాలంలో, ఒక రీమ్ ఈనింది.

అన్నే మొదట చూశాడు. "పురుడు వోసినం సారూ" అని వాకీటాకీలోనే చెప్పాడు. ఆఫీసువాళ్లకు అర్థం కాక ఏం జరిగిందని కంగారుగా అడిగారు. వెళ్లి చూస్తే తూర్పు కంచె దగ్గర, మా పోర్టకాబిన్ కిటికీకి కనబడే దూరంలో, ఒక రేగుపొద కింద, పొద నీడ కంటే చిన్నగా, ఇసుక రంగులో పిల్ల ముడుచుకుని ఉంది. కళ్లు మాత్రం పెద్దవి. తల్లి దూరంగా గుంపులో మేస్తోంది.

డాక్టరు వచ్చి దూరబీనుతో చూసింది. ముట్టుకోవద్దు, దగ్గరికి పోవద్దు, తల్లి వచ్చి పాలిస్తోందా లేదా దూరం నుంచి చూస్తుండు అని నాకు అప్పజెప్పింది. పుస్తకంలోనూ అదే ఉంది. తల్లి పిల్లని పొదలో దాచి, నక్క వంటి వాటి కంట పడకుండా తను దూరంగా ఉంటుంది. పిల్లకి వాసన లేకుండా నాకి శుభ్రం చేస్తుంది. వచ్చినప్పుడు వాసన చూసి తన పిల్లేనని తేల్చుకుంటుంది. నేను ఆ మాటలు చెప్తే ఆవిడ నా వైపు కొంచెంసేపు చూసింది.

"ఇది ఆగస్టు దాటి బతికితే" అంది, "బస్సులు వచ్చినప్పుడు పిల్లలకు దీన్ని చూపించి నువ్వే చెప్పాలి. నేను మేనేజ్‌మెంట్‌తో మాట్లాడతాను."

అంతే. ఆ రోజు నుంచి నా సెప్టెంబరు రేగుపొద కింద పడుకుని ఉంది.

అన్నకి ఈ దూరం నుంచి చూడటం గిట్టలేదు. పికప్‌లో నా పక్కన కూర్చుని చేతులు నలుపుకునేవాడు. వాళ్ల ఊళ్లో గొర్రె ఈనితే పిల్లని ఒళ్లో పెట్టుకుని తల్లి పొదుగుకి అందిస్తారట. ఇక్కడ కళ్లముందు పిల్ల ఎండుతుంటే సినిమా చూసినట్టు చూడాలా అన్నాడు.

"తల్లి ఇడిసిపెట్టింది సారూ."

"వదిలెయ్యలేదన్నా. దాచింది. పుస్తకంలో ఉంది."

"పుస్తకం రాసినాయన గీ ఎండల గూసున్నడా?"

కాని తల్లి వచ్చింది. పొద్దున ఒకసారి, మధ్యాహ్నం ఎండ మండిపోతున్నప్పుడు ఒకసారి. గుంపు నుంచి విడిపోయి, నేరుగా రాకుండా, మేస్తున్నట్టు నటిస్తూ చుట్టూ తిరిగి వచ్చేది. పొద దగ్గర ఆగి మూతి వంచగానే పిల్ల లేచి నిలబడి పొదుగులోకి దూరేది. తోక చిన్నగా ఆడేది. పోర్టకాబిన్ కిటికీ లోంచి అది చూసిన మొదటి మధ్యాహ్నం అన్న టిఫిన్ డబ్బా మూత పట్టుకునే ఉండిపోయాడు. "తాగుతాంది" అన్నాడు చివరికి. ఆ పూట మాగాయ ముక్క నాకే ఎక్కువ పెట్టాడు. ఆవకాయలూ మాగాయలూ మీ ఆంధ్రోళ్ల సొత్తేమీ కాదని ఒక దెప్పు కూడా వేశాడు.

ఆ వారంలోనే, పొద్దున్నే పార్కు తెరిచిన వేళ, సెంటర్లో నా దగ్గర చదివిన ఒక పాప తల్లితో వచ్చింది. తెలుగువాళ్లే. గేటు దగ్గర నన్ను చూసి ఆ తల్లి మొహమాటపడి, "మీరా సార్, ఇక్కడ..." అని ఆగిపోయింది. పాపకి ఆ ఇబ్బందేమీ లేదు. నా టోపీ చూసి పోలీసు అయ్యారా అని అడిగింది. కాదు, జింకల టీచర్నయ్యానన్నాను. చలికాలంలో స్కూలు బస్సులో వస్తే ఒక బుజ్జి జింకని చూపిస్తానని మాటిచ్చాను. క్లాసులో అందరికీ చెప్తానంది. చెప్పే ఉంటుంది.

తర్వాతి శుక్రవారం. డాక్టరుకి సెలవు. పొద్దున తొట్లు నింపి వస్తుంటే అన్న పికప్ ఆపించాడు. గొర్రెలు కాసినవాడి కన్ను. అంత దూరం నుంచే, పిల్ల పడుకున్న తీరు బాలేదన్నాడు. దూరబీనుతో చూశాను. బొడ్డు దగ్గర ఎర్రగా పుండు. దాని మీద ఈగలు నల్లగా ముసిరి ఉన్నాయి. పిల్ల వెనక కాలు విదిలిస్తోంది, అవి లేచి మళ్లీ వాలుతున్నాయి.

వాకీటాకీలో ఆఫీసుకి చెప్పాను. డాక్టరు రేపు వస్తుంది, అప్పటిదాకా ముట్టుకోవద్దు అని జవాబు. డాక్టరు ఫోను మోగి మోగి ఆగిపోయింది.

"రేపటికి పురుగు వడ్తది" అన్నాడు అన్న. "పురుగు వడ్డంక ఏ డాక్టరచ్చినా ఏం జెయ్యడు. నేను జూసిన సారూ, లెక్క లేనన్ని జూసిన."

ముట్టుకోకూడదన్నాను. అవునన్నాడు. మళ్లీ దూరబీను పెట్టాను. ఈగలు ఇంకా పెరిగాయి. నా చిన్నప్పుడు మోకాలు పగిలినప్పుడల్లా మా అమ్మమ్మ ఏం అద్దేదో నాకు గుర్తుంది. ఆయనకీ వాళ్లమ్మ అదే అద్ది ఉంటుంది. ఈ ఎడారిలో మా ఇద్దరికీ ఒకేసారి ఒకే మాట తోచింది. పోర్టకాబిన్‌లో వంట సామాన్ల డబ్బాలో జిదాఫ్స్ మార్కెట్లో కొన్న పసుపు ఉంది. దాన్ని ఆయన నూనెలో కలిపాడు. నేను వద్దనలేదు. పొద దాకా పక్కనే నడిచాను, ఈగల్ని టోపీతో విసరడానికి.

పిల్ల పారిపోలేదు. అసలు కదలలేదు. అపాయం వస్తే కదలకుండా పడుకోవడమే దానికి తెలిసిన విద్య. అన్న మోకాళ్ల మీద కూర్చుని, "అయిపాయె బిడ్డా, అయిపాయె" అంటూ రెండు వేళ్లతో అద్దాడు. ఆ చేతులు అంత మెత్తగా కదలడం నేను ఎప్పుడూ చూడలేదు. ఈగలు నిజంగానే లేచిపోయాయి. ఇసుక రంగు పొట్ట మీద పచ్చటి మచ్చ. వెనక్కి నడుస్తుంటే మా ఇద్దరికీ మనసు తేలికగా ఉంది. ఎవరికో మేలు చేసి చాలాకాలమైంది.

మధ్యాహ్నం తల్లి వచ్చింది. ఎప్పట్లాగే చుట్టూ తిరిగి వచ్చింది. పొద దగ్గర ఆగి మూతి వంచింది. పిల్ల లేచి నిలబడింది. తల్లి గబుక్కున తల ఎత్తేసింది. ముందరి కాలితో నేలను తన్నింది. మళ్లీ మూతి దించి, మళ్లీ వెనక్కి లాక్కుంది. పిల్ల పొదుగు వైపు వస్తుంటే పక్కకి జరిగింది. కొంత దూరం పోయి నిలబడి చూసింది. పిల్ల నాలుగడుగులు వేసి కూలబడింది. తల్లి గుంపులోకి వెళ్లిపోయింది.

మేమిద్దరం కిటికీ దగ్గరే ఉన్నాం. బయట ఎండలోకి వెళ్లడానికి వీల్లేని వేళ అది. మేత తొట్టి మీద గాలి కూడా కదలడం లేదు.

నిషేధం గంటలు అయిపోగానే అన్న పరిగెత్తాడు. పిల్లని తడిగుడ్డతో తుడిచాడు. పసుపు పోలేదు. పసుపు అంత తేలిగ్గా పోదని మనవాళ్లకు ఎవరికి తెలియదు. తర్వాత వాళ్ల ఊరి ఇంకో ఉపాయం చేశాడు. గొర్రె తన పిల్లని ఒప్పుకోకపోతే తల్లి ఉచ్చ పోసిన మట్టి తెచ్చి పిల్లకి రాస్తారట, వాసన కలవడానికి. గుంపు నిలబడిన చోట వెతికి తడి ఇసుక తెచ్చి ఒళ్లంతా రాశాడు. ఏ జింక తడిదో ఎవరికి తెలుసు. సాయంత్రం తల్లి మళ్లీ వచ్చింది. ఈసారి పొద దాకా కూడా రాలేదు. కొంచెం దూరంలో నిలబడి పిలిచింది. పిల్ల బదులు పలికింది. ఆ గొంతు గుర్తుపట్టి తల్లి ముందుకు వచ్చి, వాసన తగలగానే ఆగిపోయింది. అలా ఎన్నిసార్లు వచ్చిందో, ఎన్నిసార్లు ఆగిందో.

శనివారం డాక్టరు వచ్చి పిల్లని ఎత్తుకుపోయింది. సీసాతో పాలు పట్టింది. సగం తాగి వదిలేసింది. ఆదివారం ఇంకా తక్కువ. సోమవారం పొద్దున నన్ను ఆస్పత్రి గదికి రమ్మంటే అన్న కూడా వెంట వచ్చాడు. స్టీలు బల్ల మీద పడుకోబెట్టి ఉంది. అంత పెద్ద బల్ల అవసరం లేదు దానికి. "హరామ్" అంది డాక్టరు, దాని చెవి నిమురుతూ. ఇక్కడివాళ్లు పాపం అని జాలిపడటానికి కూడా ఆ మాటే అంటారు.

తర్వాత పొట్ట వైపు తిప్పి, ఈ పచ్చరంగు ఏమిటని నన్ను అడిగింది.

ఆవిడకీ అన్నకీ నడుమ భాష నేనే. పసుపు అంటే ఏమిటో చెప్పాను. పుండ్లను మాన్పుతుందని మావాళ్ల నమ్మకమనీ, అందులో నిజం కూడా ఉందనీ, చదివినదంతా చెప్పాను. ఇంటికి దూరమైన మనుషుల మీద కూడా చాలా చెప్పబోయాను. ఆవిడ చేయి ఎత్తింది. ఎవరు రాశారని అడగలేదు. అన్న వేళ్ల చివర్లు ఇంకా పచ్చగానే ఉన్నాయి. ఆయన వాటిని దాచుకోలేదు. "నేనే" అని తెలుగులోనే చెప్పి, చెయ్యి ముందుకు చాపాడు.

"ఖలాస్" అంది ఆవిడ మెల్లగా, ఇక చాలన్నట్టు. కోపంగా అనలేదు. కోపంగా అన్నా బాగుండేది.

పుండు వల్ల పోయిందా, ఎండ వల్లా, పాలు లేకా అంటే ఆవిడ కచ్చితంగా చెప్పలేనంది. కాని చెప్పినా వినకుండా ముట్టుకున్నారని పైవాళ్లకు చెప్పక తప్పదంది. పైవాళ్లు కంపెనీకి చెప్పారు. ఆ వారంలోనే అన్నని జంతువుల పని నుంచి తీసి, కట్టడాల మీద ఇటుకలు మోసే గుంపులో వేశారు. ఆగస్టులో, ఆ వయసులో. నా గురించి డాక్టరు మాట్లాడిందట. ముట్టుకోనిచ్చినవాడిని పిల్లల ముందు ఎలా నిలబెడతామన్నారట. వేసవి అయ్యేదాకా కంచె కాపలాకి మాత్రం ఉంచారు, ఇంకో మనిషి దొరక్క.

అన్న వెళ్లే రోజు పోర్టకాబిన్‌లో తన సామాను సర్దుకున్నాడు. టిఫిన్ డబ్బా, చెప్పులు, తల గుడ్డ. పసుపు డబ్బా అక్కడే వదిలేశాడు. పికప్ ఎక్కబోతూ ఆగాడు.

"ఒక్కటి జెప్పు సారూ. పసుపుతోనే సచ్చిందా? నీ పుస్తకంల ఏమున్నది?"

నేను అప్పటికే చూశాను. మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా, వెనక పదాల పట్టికలో కూడా వెతికాను.

"పసుపు గురించి లేదన్నా."

ఆయన పికప్ తలుపు పట్టుకుని నా వైపు తిరిగాడు. ఎగతాళి లేదు ఆ చూపులో.

"మరేం జదివినవ్ సారూ గన్నేండ్లు" అన్నాడు.

పికప్ వెళ్లిపోయింది. నేను లోపలికి వచ్చి పుస్తకం మీద చెయ్యి పెట్టి కూర్చున్నాను. తెరవలేదు. గ్రంథాలయం వాళ్లకు దాన్ని తిరిగి ఇచ్చిన రోజు ఇంకోటి తీసుకోలేదు. నా జీవితంలో ఏ గ్రంథాలయం నుంచైనా ఉత్త చేతులతో బయటికి రావడం అదే మొదటిసారి.

ఆగస్టు చివర్లో గాలి తడిబట్టలా ఒంటికి అంటుకుంటుంది. సెంటర్ నుంచి ఫోను రాలేదు. నేనే చేశాను. డిగ్రీ ఉన్నాయన చేరాడనీ, మంచివాడేననీ, పిల్లలు నన్ను అడిగారనీ మేడమ్ చెప్పారు. అడిగారని ఆవిడ నా కోసం కల్పించి ఉండొచ్చు. సెప్టెంబరు నుంచి ఉమ్మ్ అల్ హస్సామ్‌లో ఒక భవనానికి రమ్మని కంపెనీ నుంచి మాట వచ్చింది. శుభ్రం చేసే పని. మళ్లీ బల్లలు.

రేగుపొద దగ్గర ఇంక చూడాల్సిందేమీ లేదని డాక్టరు ఎప్పుడో చెప్పేసింది. అయినా మధ్యాహ్నం నిషేధం వేళల్లో నేను కిటికీ దగ్గరే కూర్చునేవాణ్ణి. కూర్చోవడానికి వేరే చోటు లేదు.

తల్లి వస్తూనే ఉంది. అదే వేళకి, గుంపు నుంచి విడిపోయి, ఎవరూ చూడటం లేదన్నట్టు మేస్తూ, చుట్టూ తిరిగి. మొదట్లో పొదుగు బరువుకి వెనక కాళ్లు కొంచెం ఎడంగా వేసేది; ఇప్పుడు పొదుగు ఎండిపోయింది. పొద దగ్గర ఆగి మూతి వంచుతుంది. ఇసుకలో వాసన చూస్తుంది. ఈసారి వెనక్కి జరగదు. వేడిగాలికి అక్కడి పసుపు వాసన ఎప్పుడో పోయింది. అలాగే నిలబడుతుంది, పిల్ల లేచి వచ్చేదాకా ఆగడానికి ఎంతసేపు పడుతుందో అంతసేపు. తర్వాత మెల్లగా గుంపులోకి పోతుంది. నా డ్యూటీ చివరి రోజున కూడా వచ్చింది. ఖాకీ చొక్కా మడిచి బల్ల మీద పెట్టి, పికప్ హారన్ కొడుతున్నా, అది తిరిగి వెళ్లేదాకా నేను కిటికీ దగ్గర్నుంచి లేవలేదు.